స్కూబా డైవింగ్‌కు టార్చ్ లైటు ఎలా ఎంచుకోవాలి?

హైదరాబాద్ నుంచి డైవింగ్‌కు వెళ్లేవాళ్లు సామానంతా ఇక్కడే కొనుక్కుని విమానం ఎక్కాలి. తీరా అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ చేరాక టార్చ్‌లోకి నీళ్లు దిగితే, దానికి సరిపోయే ఓ-రింగ్ (నీళ్లు దూరకుండా ఆపే గుండ్రటి రబ్బరు వలయం) అక్కడ దొరుకుతుందన్న భరోసా లేదు. అందుకే ఎంపికతో పాటు పరీక్ష కూడా ఇక్కడే, బయల్దేరకముందే అయిపోవాలి.

1. ముందు నీళ్లు చూడండి, తర్వాతే ల్యూమెన్లు (వెలుగు కొలత)

నీళ్లలో ఐదారు మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు పోతుంది. ఆ తర్వాత నారింజ, ఇంకా కిందికి పసుపు. 15 మీటర్ల దగ్గర ఎర్ర చేప కూడా మాసిపోయిన గోధుమరంగులో కనిపిస్తుంది. టార్చ్ వేస్తే అసలు రంగు తిరిగొస్తుంది కాబట్టి పగటి డైవ్‌లో కూడా దాని అవసరం ఉంది.

వెలుగు ఎంతన్నదాని కంటే ఎలా పడుతుందన్నదే ముఖ్యం. విశాఖ, పుదుచ్చేరి వైపు సముద్రంలో నీళ్లు మసకగా ఉండే రోజులు ఎక్కువ. అక్కడ 100 డిగ్రీల వెడల్పు వెలుగు వేస్తే కళ్ల ముందున్న రేణువులే తెల్లగా మెరిసి, వాటి వెనక ఏముందో కనపడదు. పొద్దున్నే పొగమంచులో ఔటర్ రింగ్ రోడ్డు మీద హైబీమ్ వేసినట్టే. ఇలాంటి నీళ్లకు 8 నుంచి 12 డిగ్రీల సన్నటి వెలుగు కావాలి. పగుళ్లలోకి తొంగి చూడ్డానికీ, తోటి డైవర్‌కు సైగ చేయడానికీ అదే పనికొస్తుంది. 100-120 డిగ్రీల లైట్లు వీడియో తీసేవాళ్ల కోసం. వాటిని కెమెరాకు అటొకటి ఇటొకటి, కెమెరా స్టాండ్ నుంచి పక్కలకు చాచి ఉండే కమ్మీల మీద దూరంగా బిగించాలి. ఒక్కోటి 2500 ల్యూమెన్లకు తగ్గకుండా, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉండేలా చూసుకోండి.

మొదటి టార్చ్ కొనేవాళ్లకు మా సలహా ఇది: సన్నటి వెలుగు, 1000 ల్యూమెన్లు, వెలుగు తగ్గించి వాడుకునేందుకు రెండో మోడ్. రాత్రి డైవ్ అయితే దీనికి తోడు 300 ల్యూమెన్ల చిన్న బ్యాకప్ టార్చ్ తప్పనిసరిగా ఉండాలి. చేతిలోది ఆరిపోతే బ్యాకప్ వెలిగించి, డైవ్ ఆపి పైకి రావాలి. అలాగే కొనసాగించడానికి కాదు అది.

2. పెట్టె మీది అంకెలను లెక్కకట్టండి

ఎల్ఈడీ టార్చ్‌లు వాట్‌కు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తాయి. అంటే 1000 ల్యూమెన్లకు 10 వాట్లు. 21700 సైజు లిథియం సెల్ కెపాసిటీ 5000 ఎంఏహెచ్ అయితే, అందులో ఉండేది 18 వాట్-అవర్లు, అంటే 10 వాట్లను 1.8 గంటలు నడిపేంత విద్యుత్తు. గంటన్నరకు పైగా వెలుగుతుంది, రాత్రి డైవ్‌కు ధారాళంగా సరిపోతుంది. ఇదే లెక్కన అంతకంటే చిన్నదైన ఒకే 18650 సెల్‌తో 10,000 ల్యూమెన్లు మూడు గంటలు అని రాసుంటే, అది అబద్ధం.

ఎఫ్‌ఎల్1 (టార్చ్‌ల వెలుగు, వెలిగే సమయం కొలిచే పద్ధతి) ప్రమాణం ప్రకారం కొలిచిన టార్చ్‌లే నమ్మదగ్గవి. అయినా ఒక మెలిక ఉంది: మొదట్లో ఉన్న వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయాన్ని ఆ ప్రమాణం రన్‌టైమ్‌గా లెక్కిస్తుంది. కాబట్టి రెండు గంటలు అని ఉన్నంత మాత్రాన రెండు గంటలూ ఒకే వెలుగు రాదు. సమయంతో పాటు వెలుగు ఎలా తగ్గుతుందో చూపే గ్రాఫ్ ఇచ్చే కంపెనీది తీసుకోండి.

సెల్ విషయంలో మోసం మరీ ఎక్కువ. 18650 సెల్ మీద 9900 ఎంఏహెచ్ అని రాసుంటే దాన్ని ముట్టుకోకండి. అసలైనవి చాలావరకు 3500 ఎంఏహెచ్ దగ్గరే ఆగిపోతాయి. వంటింటి డిజిటల్ తక్కెడ మీద పెట్టి చూడండి. మంచి 18650 సెల్ 45 నుంచి 50 గ్రాములు, 21700 అయితే 70 గ్రాముల దాకా తూగుతుంది. 30 గ్రాములే ఉందంటే లోపల ఉండాల్సిన సరుకు లేదు.

3. లోతు, స్విచ్

నీళ్లు, దుమ్ము దూరవని చెప్పే ఐపీ68 గుర్తు డైవింగ్‌కు చాలదు. ఎంత లోతుకు పరీక్షించాలో తయారీదారే నిర్ణయించుకుంటాడు. మీటరున్నరకే పరీక్షించిన ఫోన్లకూ అదే గుర్తు ఉంటుంది. మీరు దిగేది 18 మీటర్లే అయినా, 100 మీటర్లు అని స్పష్టంగా రాసున్న టార్చ్ కొనండి. 30 మీటర్ల దగ్గర మొత్తం పీడనం ఉపరితలం మీద ఉన్నదానికి నాలుగు రెట్లు.

టార్చ్ తల భాగాన్ని తిప్పి వెలిగించే రకంలో, ఆర్పేటప్పుడు మరీ వదులు చేస్తే నీళ్లు దూరతాయి. అయస్కాంతం స్విచ్ ఉన్నవాటిలో ఆ భయం తక్కువ. కానీ ఇసుక ఇరుక్కుంటుంది, పైగా దిక్సూచి దగ్గరికి తెస్తే ముల్లును పక్కకు లాగేస్తుంది. దిక్సూచి ఎడమ మణికట్టుకు ఉంటే టార్చ్ కుడి చేతిలోనే పట్టుకోండి.

4. ఓ-రింగ్

టార్చ్‌లు చెడేది ఎక్కువగా ఇక్కడే. రెండు ఓ-రింగులు ఉన్నది ఎంచుకోండి. సెల్ మార్చిన ప్రతిసారీ రింగ్‌ను వేలితో నొక్కి, ఒకవైపుకు ఉబికించి బయటికి తీయండి. పిన్నీసు, స్క్రూడ్రైవర్ వాడితే గీత పడుతుంది, ఆ గీతలోంచే నీళ్లు వస్తాయి. రింగ్‌ను వేళ్ల మధ్య మెల్లగా జారనివ్వండి. ఒక్క వెంట్రుక, ఇసుక రేణువు ఉన్నా తగులుతుంది. గాడిని నూలు రాలని గుడ్డతో తుడిచి, బఠాణీ గింజలో సగం సిలికాన్ గ్రీజు రాయండి. రింగ్ మెరిస్తే చాలు, ముద్దలా ఉండకూడదు. గ్రీజు ఎక్కువైతే ఇసుకను పట్టేస్తుంది. రింగ్ సిలికాన్‌తో చేసిందైతే సిలికాన్ గ్రీజుకు ఉబ్బిపోతుంది, అప్పుడు కంపెనీ చెప్పిందే వాడాలి. వ్యాజ్‌లైన్ జోలికి పోవద్దు.

కొత్త రింగులు కావాలంటే పాతదాన్ని రాణిగంజ్‌లో ఇంజనీరింగ్ సామాను అమ్మే షాపులకు పట్టుకెళ్లి, లోపలి వ్యాసం, మందం రెండూ కొలిపించండి. మందంలో అర మిల్లీమీటరు తేడా వచ్చినా పనికిరాదు.

5. ఇక్కడే పరీక్షించండి

సెల్ తీసేసి, లోపల టిష్యూ కాగితం పెట్టి మూత బిగించండి. బకెట్ నీళ్లలో గంటసేపు ఉంచండి. తర్వాత శిక్షణకు వెళ్లే స్విమ్మింగ్ పూల్‌లో అడుగుదాకా తీసుకెళ్లండి. ఇది 30 మీటర్ల పరీక్ష కాదు నిజమే. అయితే పీడనం పెరిగే కొద్దీ ఓ-రింగ్ ఇంకా గట్టిగా నొక్కుకుంటుంది, సరిగా కూర్చోని రింగ్ సాధారణంగా తక్కువ లోతులోనే దొరికిపోతుంది. కాగితం పొడిగా ఉంటే సెల్ వేసి, పూర్తి వెలుగుతో నీళ్లలోనే గంటసేపు వెలిగించండి. గాలిలో వద్దు. నీళ్లు చల్లబరుస్తాయన్న లెక్కతో చేసిన టార్చ్ బయట నిమిషాల్లో వేడెక్కి పాడైపోవచ్చు.

6. విమానంలో, వచ్చాక

శంషాబాద్‌లో చెకిన్ బ్యాగ్‌లో విడి లిథియం సెల్స్ పెట్టకండి. టార్చ్‌లోంచి సెల్ తీసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. ఎక్కువ వేడి పుట్టే డైవింగ్ లైట్లకు ఎయిర్‌లైన్ అనుమతి అడగొచ్చు, ముందే కనుక్కోండి.

లోపలికి ఉప్పునీళ్లు వెళ్లాయని అనుమానం వస్తే, మూతను ముఖానికి దూరంగా పెట్టి మెల్లగా తిప్పండి. లోపల గ్యాస్ చేరి ఉండొచ్చు. తడిసిన సెల్‌ను మళ్లీ చార్జ్ చేయకండి.

డైవ్ అయ్యాక మూత తీయకుండానే మంచినీళ్లలో అరగంట నానబెట్టి, నీళ్లలోనే స్విచ్‌ను నాలుగైదుసార్లు కదపండి. ఇంటికొచ్చాక బోరు నీళ్లతో కడిగితే స్విచ్ చుట్టూ తెల్లటి సున్నం పేరుకుంటుంది, మంజీరా నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడండి. నెలల తరబడి వాడకపోతే సెల్ బయటికి తీసి, సగం చార్జ్‌తో, అంటే 3.7 వోల్టుల దగ్గర, చల్లటి చోట పెట్టండి. మే నెలలో ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలొద్దు.