కోడి ముడ్డి దగ్గర ఈకలు మాటిమాటికీ అంటుకుపోతున్నాయా? కడిగేముందు ఇది చూడండి

మాది బెంగళూరు రామమూర్తి నగర్, మిద్దె మీద ఐదు కోళ్ళు ఉన్నాయి. మూడు గిరిరాజ పెట్టలు, ఒకటి మదనపల్లి నుంచి మా అమ్మ బుట్టలో పెట్టి పంపిన నాటుపెట్ట, ఇంకోటి పిల్లలు ఏడ్చి గోల చేస్తే శివాజీనగర్‌లో కొన్న సిల్కీ. తెల్లగా బొచ్చుబొచ్చుగా ఉంటదని దానికి దూది అని పేరు పెట్టారు. పేరు దూదే గానీ వెనకనుంచి చూస్తే మాత్రం ఎప్పుడూ మసిగుడ్డే, తోక కింద ఈకలన్నీ రెట్ట అంటుకుని గడ్డ కట్టి రాయిలాగా వేలాడుతుండేవి. ఆదివారం వస్తే టబ్బు, షాంపూ, టవలు, నేను. అట్లా నెలన్నర కడిగినా, కడిగిన మూడోరోజుకి మళ్ళీ అంతే.

తర్వాత అర్థమైంది ఏంటంటే మా అత్త పొద్దున్నే మిగిలిన అన్నంలో చారు కలిపి, ఒక్కోసారి ఆవకాయ గిన్నె కడిగిన నీళ్ళు కూడా పోసి ప్రేమగా పెడుతోంది. దూది అందరికన్నా ముందు పరిగెత్తి సగం అదే తినేస్తది. ఉప్పు ఎక్కువైతే కోడి నీళ్ళు తెగ తాగుద్ది, తాగిన నీళ్ళు రెట్టలో పోతాయి, ఆ పల్చటి రెట్ట బొచ్చుకి పట్టుకుంటది. అంతే కథ. దాణాలో కావాల్సిన ఉప్పు ముందే కలిపి ఉంటది, మనం పైనుంచి వేయక్కర్లేదు. చారన్నం ఆపేసిన పది రోజులకి సగం సమస్య పోయింది (అత్త రెండు రోజులు మాట్లాడలేదు, అది వేరే విషయం). అందుకే ఎవరైనా కోడిని ఎట్లా కడగాలి అని అడిగితే నేను ముందు దాని రెట్ట ఎట్లా ఉంది అని అడుగుతా.

పొద్దున గూడు తెరిచినప్పుడు కింద పడిన రెట్ట చూడండి. మామూలుది గోధుమ రంగులో కొంచెం గట్టిగా ఉండి పైన తెల్లటి సున్నం పూసినట్టు ఉంటది. ఎనిమిది పది సార్లకి ఒకసారి చాక్లెట్ రంగులో జిగటగా, భరించలేని వాసనతో ఒకటి వేస్తది, అది చూసి భయపడొద్దు, పేగులో ఇంకో సంచి ఖాళీ అవడం అది, జబ్బు కాదు. గుడ్లు పొదుగుతూ కూర్చున్న పెట్ట అయితే రోజంతా ఆపుకుని ఒకేసారి నిమ్మకాయంత వేస్తది, అదీ మామూలే. ఏప్రిల్ ఎండల్లో బెంగళూరు కూడా 35 దాటుతోంది కదా, అప్పుడు కోళ్ళు నోరు తెరుచుకుని రొప్పుతూ నీళ్ళు ఎక్కువ తాగుతాయి, రెట్ట పల్చగా వస్తది, నీడా చల్లటి నీళ్ళూ పెడితే సర్దుకుంటది. పుచ్చకాయ తొక్కలు, దోసకాయ ముక్కలు ఎక్కువ పెట్టినా అంతే. ఇంకోటి, చవగ్గా వచ్చిందని గుడ్ల పెట్టకి బ్రాయిలర్ దాణా పెడితే ప్రోటీన్ ఎక్కువై గూట్లో కింద పరిచిన పొట్టు తడిసి ముద్దవుద్ది, గుడ్లు పెట్టే కోడికి 16 నుంచి 18 శాతం ప్రోటీన్ ఉన్న లేయర్ దాణా చాలు. వానాకాలంలో బూజు పట్టిన దాణా అస్సలు పెట్టొద్దు, వాసన తేడాగా ఉంటే పారేయండి, డబ్బులు చూసుకోవద్దు.

ఇవన్నీ మన చేతిలో ఉన్నవి. రెట్టలో రక్తం కనపడితే, లేదా పచ్చగా నీళ్ళలాగా వేస్తూ కోడి ముడుచుకుని కూర్చుంటే, మెడ వంకర తిరిగితే, గురక లాంటి సౌండ్ వస్తే ఇంక టబ్బు షాంపూ పక్కన పెట్టేయాలి. పచ్చ విరేచనం, మెడ తిరగడం కొక్కెర తెగులు (రాణిఖేత్)లో ఉంటాయి, అది ఒక దానికి వస్తే మిగతావాటికి పాకుద్ది. వెంటనే వేరే గంప కింద పెట్టి పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. బెంగళూరులో హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఉంది కదా, గిరిరాజ కోడిని తయారు చేసింది వాళ్ళే. దగ్గర్లో కుక్కల క్లినిక్కులు వంద ఉంటాయి గానీ కోడిని తీసుకెళ్తే కొంతమంది నవ్వుతారు, నాకు జరిగింది, అందుకని ముందే ఫోన్ చేసి కోళ్ళని చూస్తారా అని అడిగి వెళ్ళండి.

సరే, రెట్ట బాగానే ఉంది, అయినా ఈకలు మురికి. అప్పుడు పేలు చూడండి. చాలామంది ఇది చూడరు. కోడిని ఒళ్ళో పెట్టుకుని తోక కింద ఈకలు రెండు వేళ్ళతో విడదీసి, ఫోన్ టార్చ్ వేసి చర్మం దాకా చూడండి. గడ్డి రంగులో సన్నగా చకచకా పరిగెత్తేవి పేలు. ఈక మొదట్లో తెల్లగా పిండి ముద్ద అంటుకున్నట్టు ఉంటే అవి ఈపి, గుడ్లన్నమాట, ఎంత కడిగినా ఊడవు, ఆ ఈకని చర్మానికి కొంచెం పైన కట్ చేసి కవర్లో కట్టి పారేయడమే. పేలు కాకుండా నల్లగా ఎర్రగా మిరియం పొడి చల్లినట్టు చుక్కలుండి ఈకలు జిడ్డుగా నల్లబడితే అవి రక్తం పీల్చే పురుగులు, వాటితో కోడి నీరసించి తురాయి పాలిపోతది, మన చేతికి కూడా పాకి దురద పెడతాయి.

దీనికి మందు డాక్టర్‌ని అడిగి వాడండి. పశువులకి కొట్టే పేల మందు అందాజాగా నీళ్ళలో కలిపి కొట్టేవాళ్ళని చూశా, కోడి చచ్చిపోతది అట్లా చేస్తే. ఏ మందు వాడినా గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో కూడా అడగండి. మందు ఒకసారి వేసి వదిలేయకూడదు, ఎందుకంటే పేలు చస్తాయి గానీ ఈపి చావదు, వారానికి అవి పగిలి కొత్తవి వస్తాయి, అందుకని డాక్టర్ చెప్పినట్టు వారం పది రోజులకి రెండోసారి వేయాలి, ఒక్క కోడికి కాదు, అన్నిటికీ. గూడు కర్రల సందులు కూడా చూడాలి, కొన్ని పురుగులు పగలంతా అక్కడ దాక్కుని రాత్రి వచ్చి కుడతాయి. కలరా ఉండలు గూట్లో వేయొద్దు, ఆ వాసన కోళ్ళకి విషం.

పేలు రాకుండా కోడి తన పని తను చేసుకుంటది, మనం చోటు ఇస్తే చాలు. ఊర్లో దిబ్బ మీద దుమ్ములో పొర్లుతాయి కదా, మిద్దె మీద దుమ్ము ఏది, టైల్సే. అందుకే పాత సిమెంట్ తొట్టిలో ఇసుక, జల్లించిన ఎర్రమట్టి, బూడిద కలిపి ఒక అడుగు లోతు పోశా. బూడిద ఎక్కడ దొరుకుద్ది అనుకోవద్దు, మా వీధి చివర ఇస్త్రీ బండాయన బొగ్గు బూడిద కవర్లో కట్టి ఉంచుతాడు, నెలకి రెండు గుడ్లు ఇస్తా, లెక్క సరి. చెత్త, ప్లాస్టిక్ కాల్చిన బూడిద మాత్రం వద్దు. తొట్టి మీద రేకు కప్పు ఉండాలి, ఎందుకంటే బూడిద తడిస్తే చర్మాన్ని మండిస్తది, సాయంత్రం ఎప్పుడు వాన కొడుద్దో ఈ ఊర్లో ఎవరికి తెలుసు.

ఇప్పుడు కడగడం. గట్టిపడిన రెట్టని పొడిగా ఉన్నప్పుడు చేత్తో లాగొద్దు, ఈకతో పాటు చర్మం కూడా ఊడొస్తది, రక్తం కనపడితే మిగతా కోళ్ళు అక్కడే పొడిచి పొడిచి చంపేస్తాయి. ఎండ ఉన్న రోజు పదకొండు గంటలప్పుడు మొదలుపెట్టండి, సాయంత్రం అస్సలు వద్దు. రెండు టబ్బులు, రెండిట్లో గోరువెచ్చటి నీళ్ళు, మోచేయి పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. కోడి ఒళ్ళు మామూలుగానే 41 డిగ్రీలు ఉంటది కాబట్టి చన్నీళ్ళు పోస్తే వణికిపోద్ది. మొదటి దాంట్లో చిన్నపిల్లల షాంపూ నాలుగు చుక్కలు. రెక్కలు రెండూ ఒళ్ళుకి ఆనించి పట్టుకుని వెనక భాగం మాత్రం మునిగేలా కూర్చోబెట్టండి, తల, రొమ్ము పైనే ఉండాలి. మొదట గింజుకుంటది, రెండు నిమిషాలకి వేడికి కళ్ళు మూసుకుని తూగుద్ది, దూది అయితే నిద్రే పోయింది. పది నిమిషాలు నాననిచ్చి వేళ్ళతో ఈక వాలు వైపే నెమ్మదిగా నలిపితే గడ్డలు కరిగి వస్తాయి. రాకపోతే ఇంకో ఐదు నిమిషాలు, బలం వాడొద్దు. రెండో టబ్బులో షాంపూ పోయేదాకా కడిగి టవల్లో చుట్టండి. హెయిర్ డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో జానెడు దూరం నుంచి, మధ్యలో మీ చెయ్యి పెట్టి చూసుకుంటూ పట్టండి. పైకి ఆరినట్టు కనిపించినా లోపలి నూగు తడిగా ఉంటది, అది పూర్తిగా ఆరాకే గూట్లోకి. గ్లౌజులు వేసుకోండి, వంటింటి సింకులో మాత్రం చేయొద్దు, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, కోడి రెట్టతో మనకి కూడా విరేచనాలు పట్టుకుంటాయి.

నేను చేసిన ఇంకో తప్పు వారం వారం కడగడం. తోక మొదట్లో పైన చిన్న మొటిమలాంటి గ్రంథి ఉంటది, కోడి ముక్కుతో అక్కడి నూనె తీసి ఈకలకి రాసుకుంటది, ఈకలు నున్నగా ఉండేది అందుకే. షాంపూ ఆ నూనెని కొట్టేస్తది. ఆ మొటిమని చూసి గడ్డ అనుకుని పిండేవాళ్ళు కూడా ఉన్నారు, దాని జోలికి పోవద్దు.

సిల్కీ, బ్రహ్మ, కొచ్చిన్ లాంటి బొచ్చు కోళ్ళకి అన్నీ బాగున్నా అంటుకుంటది, దానికి కత్తెరే. ఇద్దరు ఉంటే మంచిది, ఒకరు కోడి తలని చంకలో దాచి పట్టుకుంటే ఇంకొకరు రెట్ట వేసే రంధ్రం చుట్టూ, దాని కింద ఉన్న మెత్తటి బొచ్చు మాత్రం చర్మానికి వేలు మందం వదిలి కట్ చేయాలి, మొన మొద్దుగా ఉన్న కత్తెరతో. పెద్ద తోక ఈకల్ని ముట్టుకోవద్దు. ఈకలు రాల్చుకుని కొత్తవి వచ్చే టైంలో కూడా వద్దు, అప్పుడు ఈక కాడలో రక్తం ఉంటది, నీలంగా నల్లగా కనిపిస్తది, తెగితే ఆగకుండా కారుద్ది. పొరపాటున తెగితే పసుపుగానీ కార్న్‌ఫ్లోర్ గానీ అద్ది గట్టిగా నొక్కి పట్టుకోండి.

గూడు విషయం క్లుప్తంగా చెప్తా. రాత్రిపూట కోడి నిద్రలోనే బోలెడు రెట్ట వేస్తది, నేల మీదో గుడ్ల పెట్టెలోనో పడుకుంటే దాంట్లోనే తెల్లార్లూ కూర్చుంటది. కర్ర మీద కూర్చోబెట్టడం అలవాటు చేయండి, ఒక్కోదానికి జానెడు పైన చోటు, సిల్కీ ఎగరలేదు కాబట్టి దానికి అడుగు ఎత్తులోనే కర్ర. కింద వడ్ల పొట్టు, తడిసిన చోట వెంటనే తీసేయాలి. ముక్కు మండేంత వాసన వచ్చిందంటే మీరు లేట్ చేశారు, కిందింటి ఆంటీ కూడా పైకి వచ్చే టైం అయిందని అర్థం.

ఈ మూడు కనపడితే మాత్రం ఇంటి వైద్యం ఆపండి. ఒకటి, రంధ్రం చుట్టూ ఎర్రగా వాచి, తెల్లగా పసుపుగా పేస్టులాగా కారుతూ పుల్లటి కంపు కొడితే అది లోపలి ఇన్ఫెక్షన్, చాలాసార్లు ఫంగస్, పెరుగన్నం పెడితే పోద్ది అంటారు గానీ పెరుగు ఎక్కువైతే విరేచనం ఇంకా పెరుగుద్ది, మందు కావాలి. రెండు, రంధ్రంలోంచి ఎర్రటి మాంసం బయటికి పొడుచుకొస్తే తడి శుభ్రమైన గుడ్డ కప్పి, చీకటి పెట్టెలో ఒంటరిగా పెట్టి డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. మూడోది అన్నిటికన్నా ఘోరం, పురుగులు పడటం. వానాకాలంలో మురికి ఈకల మీద ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులై చర్మాన్ని తినేస్తాయి. కోడి ఊరికే వెనక్కి తిరిగి పొడుచుకుంటున్నా, కుళ్ళిన వాసన వచ్చినా ఈకలు తీసి చూడండి, ఉంటే గోరువెచ్చటి నీళ్ళతో కడిగి పట్టకారుతో ఒక్కొక్కటి తీసి అదే రోజు చూపించాలి, రేపు అంటే కోడి ఉండదు.

చివరగా కోడిపిల్లలు పెంచేవాళ్ళకి. హెసరఘట్ట కోళ్ళ కేంద్రం నుంచో ఇంకెక్కడినుంచో ఒక రోజు వయసు కోడిపిల్లలు తెస్తే మొదటి వారం ముడ్డి మూసుకుపోయి చచ్చేవి ఉంటాయి, ప్రయాణం అలసట, చలి లేదా వేడి ఎక్కువవడం వల్ల. బల్బు కింద మొదటి వారం 35 డిగ్రీలు దాకా ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. పొద్దున సాయంత్రం ఒక్కోదాన్ని తిప్పి చూడండి, అంటుకుని ఉంటే గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన దూదితో నిమిషం అద్ది మెత్తబడ్డాక తుడవండి, ఆరబెట్టి మళ్ళీ బల్బు కిందకి. ఒక్క జాగ్రత్త, పొట్ట మీద నల్లగా ఎండిన దారంలాంటిది ఉంటది, అది బొడ్డు, రెట్ట అనుకుని లాగితే పేగులు బయటికొస్తాయి. రంధ్రం దానికి వెనక, తోక కిందే ఉంటది.