ఇంట్లో వాసన ఎక్కడి నుంచి వస్తోందో ముందు పట్టుకోండి

మా అమ్మాయికి ఆస్తమా. రూమ్ ఫ్రెషనర్ ఒక్కసారి కొడితే చాలు, దగ్గు మొదలవుతుంది. అందుకే మా ఇంట్లో స్ప్రేలు, సెంటు కొవ్వొత్తులు, ప్లగ్‌కి తగిలించే ఫ్రెషనర్లు ఏవీ ఉండవు. అవేవీ లేకుండా ఇంటిని బాగా ఉంచడం నేర్చుకున్నాక నాకు ఒకటి గట్టిగా తెలిసింది. సెంటు చెడు వాసనను తీసేయదు, దాని మీద ఇంకో వాసన కప్పుతుంది. కింద తడి, జిడ్డు, మురికి అలాగే ఉంటాయి. వాటిని వెతికి తీసేస్తే ఇంటికి వేరే పరిమళం అక్కర్లేదు.

వెతకడానికి మన ముక్కే అడ్డం. ఏ వాసనలోనైనా కాసేపు ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. మన ఇంటి వాసన మనకు తెలియకుండా, వచ్చినవాళ్లకు గుమ్మంలోనే తెలిసిపోయేది అందుకే. కాబట్టి బయటి నుంచి రాగానే, ఫ్యాన్ వేయకముందే, గది గదికీ వెళ్లి ఒక్కసారి గాలి పీల్చి చూడండి. బీరువా తలుపు తీసిన మొదటి క్షణం, సింకు కింది అర, వాషింగ్ మెషిన్ మూత, దిండ్లు, సోఫా చేతులు, చెత్తబుట్ట అడుగు, అన్నీ దగ్గరగా వాసన చూడాల్సినవే. నాలుగైదు నిమిషాలు దాటితే మళ్లీ ఏమీ తెలియదు.

చాలాసార్లు చివరికి దొరికేది తడి. లేదా, విచిత్రంగా, ఉండాల్సిన చోట తడి లేకపోవడం. ఎవరూ వాడని బాత్రూమ్‌లో మురుగు కంపు వస్తుంటే ఫినాయిల్ పోయకండి, ముందు ఒక మగ్గు మంచినీళ్లు పోయండి. నేల మీది జాలీ కింద, వాష్‌బేసిన్ కింద పైపు వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో ఎప్పుడూ కొన్ని అంగుళాల నీళ్లు నిలిచి ఉండాలి. మురుగు పైపులోని గాలి ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. కొన్ని వారాలు వాడకపోతే అవి ఆవిరైపోతాయి, దారి తెరుచుకుంటుంది. వాడని బాత్రూమ్‌లో వారానికోసారి నీళ్లు పోస్తే సరిపోతుంది. చాలా రోజులు ఇల్లు వదిలి వెళ్తుంటే నీళ్లు పోశాక ఒక చెంచా వంటనూనె కూడా పోయండి. అది పైన పొరలా తేలి నీళ్లను త్వరగా ఆవిరి కానివ్వదు.

నీళ్లున్నా వాసన వస్తుంటే జాలీ ఊడదీయండి. కింద జుట్టు, సబ్బు పేరుకుని నల్లటి బంకలా ఉంటుంది. గ్లౌజులు వేసుకుని దాన్ని చేత్తో తీసి, బ్రష్‌తో రుద్ది, వేడినీళ్లు పోయాలి. సలసల మరిగేవి వద్దు, ప్లాస్టిక్ పైపుల అతుకులు పాడవుతాయి. వాషింగ్ మెషిన్ నీళ్లు పోయే పైపు నేలలోకి దిగే చోట కూడా చూడండి. చుట్టూ సందు ఉంటే అక్కడి నుంచీ కంపు వస్తుంది. ఆ సందు మూసేయాలి.

ఇక తువ్వాళ్లు. ఉతికి ఆరేసినప్పుడు బాగానే ఉండి, ఒళ్లు తుడుచుకోగానే ముక్క వాసన వచ్చే తువ్వాలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. దీనికి ఎక్కువగా కారణం మొరాక్సెల్లా ఓస్లోఎన్సిస్ అనే బ్యాక్టీరియా. మామూలు ఉతుకుడుకీ ఆరబెట్టడానికీ అది చావదు, మళ్లీ తడి తగలగానే పని మొదలుపెడుతుంది. బట్ట తట్టుకునేదైతే 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. సబ్బు పొడి ఎక్కువ వేస్తే బాగా పోతుందనుకోవద్దు. మిగిలిపోయిన సబ్బు బట్టలో పేరుకుని ఆ వాసనకే సాయం చేస్తుంది. బట్టలు మెత్తగా ఉండేందుకు పోసే కండిషనర్ తువ్వాళ్లకు అసలే వద్దు, అది పొరలా పట్టి నీళ్లు పీల్చుకోనివ్వదు. మెషిన్ ఆగగానే బట్టలు తీసేయాలి, మధ్యలో ఖాళీ వదిలి ఆరేయాలి, ఎండ లేకపోతే ఫ్యాన్ గాలి తగలనివ్వాలి. ఎంత త్వరగా ఆరితే అంత మంచిది.

మెషిన్‌నూ పట్టించుకోవాలి. ముందు తలుపుండే మెషిన్ అయితే తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడత తీసి చూడండి, లోపల బూజు కనబడుతుంది. ఉతికిన ప్రతిసారీ ఆ మడత పొడిగుడ్డతో తుడిచి, తలుపు కొద్దిగా తెరిచి ఉంచండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే లోపలికి దూరకుండా చూసుకోవాలి. అడుగున ఉండే ఫిల్టర్‌ను కూడా అప్పుడప్పుడు తీసి కడగండి.

గిన్నెలు తోమే స్పాంజి, ఇల్లు తుడిచే మాప్ కంపు కొడుతుంటే ఇల్లు ఎంత తుడిచినా అదే కంపు పరుచుకుంటుంది. మాప్‌ను బకెట్‌లో వదలకుండా పిండి వేలాడదీయండి. స్పాంజి వాసన వస్తే పారేయడమే.

గాలి ఆడాలంటే ఒక్క కిటికీ చాలదు. ఎదురెదురుగా ఉన్న రెండు తెరిస్తే పది, పదిహేను నిమిషాల్లో లోపలి గాలి చాలావరకు మారిపోతుంది. బయట ముసురు పట్టి ఉంటే మాత్రం ఎక్కువసేపు తెరవొద్దు, చెమ్మ లోపలికి వస్తుంది. గాలిలో తేమ చూపించే చిన్న మీటర్ కొనుక్కుంటే అంచనాలు వేసుకునే పని ఉండదు. తేమ 60 శాతం దాటకుండా చూసుకుంటే బూజు పట్టడం బాగా తగ్గుతుంది. బీరువాను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి.

వంటసోడా, వెనిగర్ గురించి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే చాలామంది రెండూ కలిపి వాడతారు. బుస్సుమని పొంగితే బాగా పనిచేస్తోందనిపిస్తుంది. నిజానికి ఒకటి ఆమ్లం, ఇంకొకటి క్షారం. కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, చివరికి మిగిలేది కాస్త ఉప్పు కలిసిన నీళ్లు. దేని పని దానికి ఇవ్వండి. చేప వాసన క్షారగుణం ఉన్నది, అక్కడ వెనిగర్ లేదా నిమ్మరసం పనిచేస్తుంది. చెమట, విరిగిన పాలు, పులిసిన వాసనలు ఆమ్లాల వల్ల వస్తాయి, వాటికి సోడా మంచిది. పరుపు మీద సోడా పలచగా చల్లి, కొన్ని గంటలు ఉంచి వాక్యూమ్‌తో తీసేయండి. ఫ్రిజ్‌లో సోడా డబ్బా పెట్టడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. తలుపు రబ్బరు, వెనక నీళ్లు పడే ట్రే కడిగితే అంతకంటే ఎక్కువ తేడా కనిపిస్తుంది. పిల్లి, కుక్క మూత్రానికి ఈ రెండూ చాలవు. మరకలోని పదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్ క్లీనర్ పోసి, బాటిల్ మీద రాసినంతసేపు తడిగా ఉంచాలి.

బ్లీచ్‌ను మాత్రం దేనితోనూ కలపకండి. వెనిగర్‌తో గానీ టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గానీ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. రెండూ ఊపిరితిత్తులను దెబ్బతీసేవే. ఆస్తమా ఉన్న పిల్ల తల్లిగా ఇది ఎన్నిసార్లయినా చెబుతాను.

కడిగితే పోని వాసనలు కూడా ఉన్నాయి. కుళ్లిన కోడిగుడ్డు లాంటి వాసన గ్యాస్ స్టవ్ దగ్గర వస్తే ఏ స్విచ్ వేయొద్దు, ఆపొద్దు. వాల్వ్ కట్టేసి, తలుపులు, కిటికీలు తీసి, అందరూ బయటికి వచ్చాక గ్యాస్ వాళ్లకు ఫోన్ చేయండి. స్విచ్‌బోర్డు దగ్గర కాలిన ప్లాస్టిక్ వాసనో, ఏ కారణం లేకుండా చేప వాసనో వస్తుంటే లోపల వైరు వేడెక్కుతోందేమోనని అనుమానించాలి. మెయిన్ ఆపేసి, ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.