మెట్రో రైలు పాఠాలు – 3: పట్టా మీద రైలుందని ఎలా తెలుస్తుంది?

కిందటి పాఠంలో బ్రేకు లెక్క కట్టాం. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. ప్రతి సెకనుకూ ఆ వేగంలో మీటరు చొప్పున తగ్గిస్తూ పోతే, రైలు ఆగేసరికి 20 సెకన్లు, 200 మీటర్లు అయిపోతాయి. సొరంగం మలుపులో డ్రైవరు చూపు అంత దూరం ఆనదు. అందుకే ముందు రైలుందో లేదో పట్టాతోనే చెప్పిస్తారు. ఆ ఏర్పాటు పేరు ట్రాక్ సర్క్యూట్.

కాగితం, పెన్సిలు తీసుకోండి. పొడుగ్గా రెండు సమాంతర గీతలు గీయండి. ఇవి పట్టాలు. పక్క ముక్కలతో కరెంటు కలవకుండా రెండు కొసలా ఇన్సులేషన్ ఉందనుకోండి. ఎడమ కొసన రెండు పట్టాలకూ కలిపి బ్యాటరీ, కుడి కొసన అలాగే రిలే పెట్టండి. కరెంటు ఒక పట్టా వెంట వెళ్లి, రిలేలోని తీగచుట్ట గుండా తిరిగి, రెండో పట్టా వెంట వచ్చేస్తుంది. చుట్ట అయస్కాంతమై ఒక ఇనప రేకును పైకి పట్టుకుంటుంది. రేకు పైనున్నంతసేపూ సిగ్నల్ పచ్చ.

ఇప్పుడు పట్టాల మధ్య అడ్డగీత గీయండి. అది రైలు ఇరుసు. కరెంటుకు దగ్గరి దారి దొరికింది, ఇక రిలే దాకా పోదు. రేకు తన బరువుకు తానే కిందపడుతుంది. ఎరుపు.

ఆ రేకు పడే తీరు దగ్గర కాసేపు ఆగండి. దాన్ని కిందికి లాగడానికి స్ప్రింగును నమ్ముకోలేదు. స్ప్రింగు విరగొచ్చు, బరువు ఎక్కడికీ పోదు. తీగ తెగినా, పట్టా విరిగినా, బ్యాటరీ అయిపోయినా ఎరుపే. రైలు లేకుండా ఎరుపు వెలిగితే ప్రయాణం ఆలస్యమవుతుంది, అంతే. రైలుండగా పచ్చ వెలిగితే ప్రాణాలు పోతాయి. పాడైతే ఎటు ఒరగాలో ముందే నిర్ణయించిన ఈ పద్ధతినే ఫెయిల్ సేఫ్ అంటారు. ట్రాక్ సర్క్యూట్ 1872లో విలియం రాబిన్సన్ పేటెంటు పొందిన ఆలోచన. ఇంత తక్కువ సామానుతో ఇంతమందిని కాపాడిన ఉపాయం రైల్వేల్లో నాకు మరొకటి కనబడదు.

అయినా గుడ్డిగా నమ్మకూడదు. పట్టా తుప్పు పట్టి ఉంటే చక్రానికీ దానికీ మధ్య కరెంటు సరిగా పారక రైలు దొరక్కపోవచ్చు. కొత్త రకాల్లో బ్యాటరీ బదులు ఒక ఫ్రీక్వెన్సీ సంకేతాన్ని పంపుతారు, అవతల రిసీవరు దాన్ని అందుకుంటే పట్టా ఖాళీ అన్నట్టు. వాషింగ్టన్ మెట్రోలో 2009 జూన్ 22న అలాంటి సంకేతమే పరికరంలోని లోపం వల్ల పక్కదారిన రిసీవరును చేరింది. అక్కడ ఆగివున్న రైలు వ్యవస్థకు కనబడలేదు. వెనక రైలు వచ్చి గుద్దింది. 9 మంది చనిపోయారు. పరికరాలను అదే పనిగా పరీక్షిస్తూ ఉండాలనేది అందుకే.

ఇరుసులు లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లు, రేడియోతో నడిచే సిబిటిసి అనే రైలు నియంత్రణ పద్ధతి తర్వాతి పాఠాల్లో వస్తాయి.

అభ్యాసం: ఈసారి బ్యాటరీ, రిలే రెండూ ఎడమ కొసనే పెట్టి బొమ్మ గీయండి. నడిమధ్య పట్టా విరిగింది. దానికి కుడివైపున రైలు ఆగి ఉంది. రేకు పైన ఉంటుందా, కిందపడుతుందా? కరెంటు దారిని వేలితో అనుసరించి చూశాకే జవాబు రాయండి.