పాత బొగ్గు ప్లాంటును గ్యాస్ మీదికి తేవాలంటే: బాయిలర్ ముట్టుకునే ముందు ఏం జూడాలె

నాది మిర్యాలగూడ దగ్గర ఊరు. ఇరవయ్యారేళ్లు బొగ్గు బాయిలర్ల కాడనే పనిజేసిన, అండ్ల చివరి నాలుగేళ్లు గుజరాత్ సైడు ఒక కంపెనీ తన సొంతానికి పెట్టుకున్న 30 మెగావాట్ల పాత బొగ్గు ప్లాంటును గ్యాస్ మీదికి మార్చే పనిల షిఫ్ట్ ఇంచార్జిగ ఉన్న. దామరచర్ల మండలం వీర్లపాలెంల యాదాద్రి ప్లాంటు వచ్చినంక మా దిక్కు పోరగాళ్లు చానా మంది పవర్ ప్లాంట్ల పనికి ఎక్కిన్రు, పండుగకు కలిస్తే ఒకటే అడుగుతరు, అన్నా బొగ్గు బాయిలర్‌ని గ్యాస్‌కి మార్చొచ్చంట గదా, బర్నర్లు మారిస్తే అయిపోతదా అని. బర్నర్లు మార్చుడు ఈ పనిల అన్నిటికన్నా సులువైన ముక్క తమ్ముళ్లూ. దానికి ముందు, దాని తర్వాత ఉన్నదే అసలు పని, అందుకే వరుసగ రాస్తున్న.

ముందు ఒకటి క్లియర్ చేస్త, ఇది యాదాద్రి లాంటి దాని గురించి కాదు, అది 800 మెగావాట్లవి ఐదు యూనిట్లు, కొత్తది. నేను చెప్పేది నలభై యాభై ఏళ్లవి. మన రాష్ట్రంల కొత్తగూడెం పాత యూనిట్లు, మొత్తం 720 మెగావాట్లు, వయసైపోయి మూసిన్రు, 2024 ఆగస్టు 5న వాటి కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి కూలగొట్టిన్రు. ఆ వయసుకొచ్చిన ప్లాంటుకు కూలగొట్టుడు కాకుండ ఇంకో రెండు దారులున్నయి. ఒకటి, బాయిలర్, టర్బైన్ అన్నీ అట్లనే ఉంచి మంట మాత్రం బొగ్గుకు బదులు గ్యాస్‌తోని పెట్టుడు. రెండోది, బాయిలర్‌నే పక్కకుపెట్టి గ్యాస్ టర్బైన్, దాని వెనక వేడి పట్టుకునే కొత్త బాయిలర్ పెట్టుడు, దీన్నే కంబైన్డ్ సైకిల్ అంటరు, ఇండ్ల పాత ప్లాంటుది మిగిలేది జాగా, నీళ్లు, స్విచ్‌యార్డు, అదృష్టం ఉంటే స్టీమ్ టర్బైన్. అమెరికాల 2011 నుంచి 2019 దాకా 103 బొగ్గు ప్లాంట్లు గ్యాస్ దిక్కు పోయినయి, అండ్ల 86 మొదటి దారి, 17 రెండో దారి. మొదటి దారికి పెట్టుబడి తక్కువ కాబట్టి ఎక్కువమంది అటే పోతరు, కానీ రోజూ తినే గ్యాస్ ఖర్చు అండ్లనే ఎక్కువ. ఈ సంగతి చానా మంది లేట్‌గ తెలుసుకుంటరు.

సరే, మొదటి పని లెక్క. కాగితం మీద ఇది తేలకుండ బాయిలర్ మీద స్పానర్ పెట్టొద్దు. మా ప్లాంటు హీట్ రేటు, అంటే ఒక యూనిట్ (కిలోవాట్ గంట) కరెంటుకు కావాల్సిన వేడి, 3000 కిలో కేలరీలు ఉండె, పాత చిన్న ప్లాంటు కదా. 30 మెగావాట్లు ఫుల్ లోడ్‌ల నడిస్తే గంటకు 9 కోట్ల కిలో కేలరీలు కావాలె. గ్యాస్ ఒక ఘనపు మీటరుకు 9500 అనుకుంటే గంటకు దగ్గర దగ్గర 9500 ఘనపు మీటర్లు, రోజుకు రెండు లక్షల 27 వేలు. ఇప్పుడు రేటు చూడుర్రి. గ్యాస్‌ని ఎంఎంబీటీయూ లెక్కన అమ్ముతరు, ఒక ఎంఎంబీటీయూ అంటే 2,52,000 కిలో కేలరీలు. 10 డాలర్లకు దొరికింది, డాలర్ 85 రూపాయలు అనుకుంటే యూనిట్ కరెంటుకు గ్యాస్ ఖర్చే 10 రూపాయలు దాటుతది. అదే గ్యాస్ కంబైన్డ్ సైకిల్‌ల పోస్తే 6 రూపాయల చిల్లర. కిలోకు 4000 కిలో కేలరీల బొగ్గు కిలో 5 రూపాయలకు వస్తే యూనిట్‌కు 3 రూపాయల 75 పైసలే. కాబట్టి ఇరవై నాలుగు గంటలు నడిపే ప్లాంటును ఉత్త మంట మార్చి లాభం చేసుకుందాం అనుకుంటే కాదు. పగలు సోలార్ మస్తుగ వచ్చి సాయంత్రం నాలుగైదు గంటలే కరెంటు కావాల్సినకాడ, ఊరి నడుమ పొగకు జనం ఇబ్బంది పడేకాడ, లేకుంటే ఫ్యాక్టరీకి ఆవిరి ఎట్లాగూ కావాల్సినకాడ పనికొస్తది. నేను దీన్ని గట్టిగ చెప్త ఎందుకంటే లెక్క చూడకుండ మార్చి, మార్చినంక నడపలేక తాళం వేసుకుంటే నష్టపోయేది అండ్ల పనిచేసేటోళ్లే.

ఈ లెక్కల ఒక గుంత ఉంది జాగ్రత్త. గ్యాస్ అమ్మేటోడు గ్రాస్ కేలరిఫిక్ వాల్యూ (పొగల నీటి ఆవిరితోని పోయే వేడి కూడ కలిపిన లెక్క) మీద బిల్లు వేస్తడు, టర్బైన్ కంపెనీలు మాత్రం నెట్ వాల్యూ (ఆ వేడి తీసేసిన లెక్క) మీద హీట్ రేటు చెప్తయి, రెండింటికీ పది శాతం తేడా. ఒకదాన్ని ఇంకోదానితోని పోలిస్తే ఏడాదికి కోట్లల్ల తప్పు వస్తది. రెండూ ఒకటే బేసిస్‌ల రాయించుకోవాలె.

తర్వాత గ్యాస్ నిజంగ దొరుకుతదా అని చూడాలె. కాకినాడ నుంచి గుజరాత్ భరూచ్ దాకా పోయే పెద్ద పైప్‌లైన్ మన తెలంగాణ మీదికెళ్లే పోతది, 2009ల మొదలైంది, అది చూసి లైన్ పక్కకెళ్లే పోతుంది కదా అంటరు. లైన్ పోవుడు వేరే, మీకు గ్యాస్ కేటాయింపు ఉండుడు వేరే. కేజీ బేసిన్ (కృష్ణా గోదావరి తీరం) గ్యాస్ 2010 తర్వాత పడిపోతే గోదావరి జిల్లాలల్ల కొత్తగ కట్టిన గ్యాస్ ప్లాంట్లు ఏండ్లకు ఏండ్లు ఖాళీగ పడున్నయి, మిషన్లు కొత్తవే, గ్యాసే లేదు. ఇంట్ల వంటకు, బండ్లకు, ఎరువుల ఫ్యాక్టరీలకు పోయినంకనే కరెంటుకు. అందుకే సప్లై అగ్రిమెంట్ చేతికి వచ్చేదాక బర్నర్లకు ఆర్డర్ ఇయ్యొద్దు. అగ్రిమెంట్‌ల టేక్ ఆర్ పే అని ఒక క్లాజ్ ఉంటది, వాడినా వాడకున్నా ఇంత శాతానికి డబ్బులు కట్టాలె అని, సాయంత్రం నాలుగు గంటలే నడిపే ప్లాంటుకు అది ఉరితాడు అయితది, రోజువారీ కాకుండ ఏడాది మొత్తం మీద లెక్క కట్టేటట్టు మాట్లాడుకోవాలె. మెయిన్ లైన్ నుంచి ప్లాంటు దాకా వేసే చిన్న లైను రైతుల పొలాలల్లకెళ్లి పోతది, 1962 పైప్‌లైన్ల చట్టం కింద భూమి రైతుదే ఉంటది గానీ ఆ పట్టీల ఇల్లు కట్టొద్దు, చెట్లు పెట్టొద్దు, పంట వేసుకోవచ్చు. ఈ ముక్క రైతుకు ముందే కూసోబెట్టి చెప్పాలె, బత్తాయి తోట ఉన్న రైతుకైతే ఇంకా ముందు చెప్పాలె, చెట్లు పోతయి కదా.

ఇగ బాయిలర్. పాతదాని మీద డబ్బులు పెట్టేముందు మిగిలిన ఆయుష్షు ఎంతో పరీక్ష చేయించాలె, ఆర్‌ఎల్‌ఏ అంటరు, ట్యూబుల మందం, డ్రమ్ము, హెడర్లు, టర్బైన్ రోటర్ అన్నీ. బూడిద కొట్టి కొట్టి ఎకనమైజర్ (బాయిలర్‌లకు పోయే నీళ్లను పొగ వేడితోని కాగబెట్టేది) ట్యూబులు పల్చబడి ఉంటయి. అన్నట్టు, నేను చెప్పేది బొగ్గును పౌడర్ చేసి ఊదే బాయిలర్ గురించి. ఇసుక బెడ్ మీద కాల్చే ఏఎఫ్‌బీసీ అయితే బెడ్‌ల మునిగి ఉన్న పైపులనే తీసి మళ్ల డిజైన్ చేయాలె, అది దాదాపు కొత్త బాయిలర్ కట్టినట్టే.

గ్యాస్ మంటకు బొగ్గు మంటంత వెలుగు ఉండది, అంటే ఫర్నేస్ గోడలకు కొట్టే వేడి మారుతది, వేడి పైకి పోయి సూపర్ హీటర్ (ఆవిరిని ఇంకా వేడిచేసే ట్యూబులు) మీద పడతది. మాకు అదే అయింది, స్టీమ్ టెంపరేచర్ పెరిగి, దాన్ని నీళ్లు చల్లి తగ్గించే స్ప్రే వాల్వ్ ఎప్పుడూ సగానికి పైన తెరిచే ఉండేది. కొన్ని బాయిలర్లల్ల గోడల మీద బూడిద పొర పోయినందుకు ఉల్టా తగ్గుతది కూడా, కాబట్టి పక్క ప్లాంటుల ఏమయిందో విని చేయొద్దు, మీ బాయిలర్‌కు లెక్క కట్టించాలె. ఇంకోటి నీళ్లు. ఒక కిలో మీథేన్ కాలితే రెండుంబావు కిలోల నీటి ఆవిరి వస్తది, అది వేడిని చిమ్నీలకెళ్లి గుంజుకపోతది, బాయిలర్ ఎఫిషియెన్సీ బొగ్గు కంటే రెండు మూడు శాతం తగ్గుతది. బొగ్గును పౌడర్ చేసే మిల్లులు, ఆ పౌడర్‌ను ఊదే పీఏ ఫ్యాన్లు, బూడిద పంపులు బంద్ అయితయి కాబట్టి ప్లాంటు సొంతంగ తినే కరెంటు తగ్గి అండ్ల కొంత తిరిగొస్తది.

షట్‌డౌన్ రోజు గురించి జర నిదానంగ చదువుర్రి. బంకర్లల్ల, అంటే మిల్లుల పైన బొగ్గు నిల్వపెట్టే పెద్ద డబ్బాలల్ల, బొగ్గు ఒక్క పలుకు లేకుండ కాల్చి ఆపాలె. మాకాడ పెద్దసార్లు గ్యాస్ తేదీ దగ్గరికొస్తుందని తొందరపెట్టి, బంకర్ మూలలకు అంటుకున్న బొగ్గు దించకముందే ఆపించిన్రు. పదకొండో రోజు పొద్దున పైన కిరసనాయిలు లెక్క వాసన. బొగ్గు లోపల్లోపల రాజుకుంటుంది అన్నట్టు. ఒక హెల్పర్ పిల్లగాడు మూత తెరిచి తొంగిచూసిండు, మంట లేదు పొగ కూడ పెద్దగ లేదు, కానీ కార్బన్ మోనాక్సైడ్, రెండు నిమిషాలల్ల కళ్లు తిరిగి వంగిపోయిండు, బెల్టు కట్టి ఉండబట్టి వెనక్కి గుంజినం. పైనుంచి నైట్రోజన్ వదులుకుంట కిందికెళ్లి కొంచెం కొంచెం బొగ్గు దించుకుంట మూడు రోజులు పట్టింది చల్లార్చనీకి. ఆ బిడ్డ మొఖం నాకు ఇప్పటికీ యాదికొస్తది. బంకర్, ఫీడర్, మిల్లు, పౌడర్ పైపులు, డక్టులు అన్నీ ఖాళీ చేసి, కడిగి, లోపలికి పోయేముందు మీటర్‌తోని గాలి చెక్ చేయాలె. డక్టుల మిగిలిన బొగ్గు దుమ్ము గ్యాస్ బర్నర్ ముట్టించిననాడు అంటుకుంటది.

గ్యాస్ పైపు వేసినంక లోపలి చెత్త ఊదాలె. గ్యాస్ చేతిల ఉంది కదా అని గ్యాస్‌తోనే ఊదొద్దు, ఎవరు ఒత్తిడి చేసినా ఒప్పుకోవద్దు. అమెరికా కనెక్టికట్‌ల 2010 ఫిబ్రవరి 7న కడుతున్న గ్యాస్ ప్లాంటుల ఇట్లనే ఊదితే పేలి ఆరుగురు పోయిన్రు. గాలితోని ఊది, నైట్రోజన్ నింపి గాలిని వెళ్లగొట్టి, తర్వాతనే గ్యాస్ ఎక్కించాలె. బర్నర్‌కు పోయే ప్రతి లైనుల రెండు షటాఫ్ వాల్వులు, వాటి నడుమ బయటికి వదిలే వెంట్ వాల్వ్ ఒకటి ఉండాలె, ఒకటి లీకైనా ఫర్నేస్‌లకు పోకుండ బయటికి పోతది. ఈ గ్యాస్ గాలికన్నా తేలిక, పైకి పోయి కప్పు కింద చేరుతది, ఎల్‌పీజీ లెక్క కింద పారది, డిటెక్టర్లు పైన పెట్టాలె.

ముట్టించే ముందు పర్జ్, అంటే ఫర్నేస్‌ల మిగిలిన గ్యాస్‌ను గాలితోని వెళ్లగొట్టుడు. గాలిల మీథేన్ 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. మేం పాటించిన రూలు, ఫుల్ లోడ్ గాలిల కనీసం పావు వంతు నడిపి, తక్కువల తక్కువ ఐదు నిమిషాలు, ఫర్నేస్‌ల గాలి ఐదుసార్లు పూర్తిగ మారేదాక ఊదుడు. మంట ఆరితే మళ్ల మొదటికెళ్లి. బొగ్గు కాడ అలవాటైన ఆపరేటర్లు వేడి ఉంది కదా అదే అంటుకుంటది అని పర్జ్ దాటేయనీకి చూస్తరు. ఆ బైపాస్ తాళంచెవి కంట్రోల్ రూంల పెట్టొద్దు.

మొదటిసారి ముట్టించిననాడు మా సీనియర్ ఆపరేటర్ ఒకాయన చూసే కిటికీకాడ నిలబడి మంట లేదు, మంట లేదు, గ్యాస్ బంద్ చేయి అని ఒర్రిండు. నేను ఉరికి పోయి చూస్తే మంట ఉంది, పల్చటి నీలంగ, వెనక ట్యూబులు కనిపిస్తున్నయి. మన మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక మంట చూసినోళ్లకు, బొగ్గు మంట చూసినోళ్లకు మంట అంటే పచ్చగ దొడ్డుగ ఉండాలె. ఆయన తప్పు లేదు, అనుమానం వస్తే బంద్ చేయమన్నడు, అదే కరెక్ట్. ఆయన కన్ను ఎట్ల నమ్మలేదో పాత ఫ్లేమ్ స్కానర్లు (మంట ఉందా లేదా చూసే సెన్సర్లు) కూడ అట్లనే నమ్మవు, బొగ్గువి ఇన్‌ఫ్రారెడ్ చూస్తయి, గ్యాస్‌కు అల్ట్రావయొలెట్ చూసేవి కావాలె. ఖర్చు తగ్గిద్దామని పాతవి ఉంచితే మంట ఉన్నా లేదనుకుని బాయిలర్ దానంతటదే బంద్ (ట్రిప్) అయితది, ఇగ విసుగొచ్చి ఎవరో ఒకరు దాన్ని బైపాస్ చేస్తరు, ప్రమాదం ఆడికెళ్లే మొదలైతది. ఆపరేటర్లకు కనీసం రెండు మూడు నెలలు ముందు ట్రైనింగ్ ఇప్పించాలె.

బాయిలర్ల డిపార్ట్‌మెంట్ అనుమతి, పొల్యూషన్ బోర్డు కన్సెంట్, గ్యాస్ లైన్ సేఫ్టీ అనుమతి ఇవన్నీ డ్రాయింగ్ దశలనే మొదలుపెట్టాలె. బూడిద పూర్తిగ బంద్, సల్ఫర్ దాదాపు సున్న, కార్బన్ డయాక్సైడ్ నలభై శాతం పైన తగ్గుతది, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గనీకి మాత్రం వాటిని తక్కువ పుట్టించే లో నాక్స్ బర్నర్లు కావాలె. కానీ గ్యాస్ కాలకుండ లీకైతే ఈ లాభమంతా పోతది, మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైనే వేడి పట్టుకుంటది, కాబట్టి ఫ్లేంజీలకు (పైపుల జాయింట్లకు) నెలకోసారి లీక్ టెస్ట్ రాసిపెట్టుకోవాలె.

మనుషుల సంగతి. బొగ్గు దించేటోళ్లు, మిల్లుల కాడ, బూడిద కాడ పనిచేసేటోళ్లు ఎక్కువమంది కాంట్రాక్టోళ్లు, మార్పు అయిననాడు వాళ్లకే పని పోతది. మాకాడ వెల్డింగ్ వచ్చినోళ్లను పైపు పనికి, ఇంకొందరిని పాత సామాను విప్పే పనికి తీసుకున్నరు, అది ఏడాదిన్నరే నడిచింది. ఎవరికి ఏ పని అనేది షట్‌డౌన్‌కు ఏడాది ముందే రాసుకోవాలె. బూడిదతోని ఇటుకలు చేసేటోళ్లకు, సిమెంట్ ఫ్యాక్టరీకి బూడిద ఆగిపోతదని ముందే చెప్పాలె.

ప్లాంటు బూడిద పోసే చెరువుల నిండిన పాత బూడిద గ్యాస్ వచ్చినా అట్లనే ఉంటది. ఎండాకాలం దుమ్ము లేస్తది, వానకాలం కట్ట తెగితే పొలాలల్లకు వస్తది. మట్టి కప్పి గడ్డి పెంచే దాక, పక్క బోర్ల నీళ్లు ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించే దాక ఆ ఖర్చు ప్రాజెక్టు బడ్జెట్‌లనే రాయించుర్రి, తర్వాత అడిగితే ఎవరూ ఇయ్యరు.