నోటు వెనక చెల్లు వేయకండి: దేవుని క్షమాపణను స్వీకరించే విధానం

మన గుంటూరు ప్రాంతంలో ప్రాంసరీ నోటు సంగతి తెలియని ఇల్లు అరుదు. అప్పు తీసుకున్నవారు నోటు రాసి ఇస్తారు. కొంత సొమ్ము కట్టినప్పుడు నోటు వెనక చెల్లు వేసి, అంటే కట్టిన సొమ్మును రాసి, సంతకం చేస్తారు. నోటుకు మూడేళ్ల గడువు ఉన్నా, ఆ గడువులోపల చెల్లు పడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్ల లెక్క మొదలవుతుంది. అంటే, తీర్చడానికి వేసిన చెల్లే అప్పును బతికిస్తుంది.

"దేవుడు క్షమిస్తాడని తెలుసు గాని, నన్ను క్షమించాడని మాత్రం నమ్మలేకపోతున్నాను" అని కుమిలిపోయే విశ్వాసుల స్థితి సరిగ్గా ఇలాంటిదే. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల ఉపవాసం ఒక చెల్లు, అదనంగా వేసిన కానుక మరొక చెల్లు. వీటిలో ఏదీ చెడ్డది కాదు, కాని బాకీ కింద జమ కట్టుకున్నప్పుడు ప్రతిదీ ఆ పాపాన్ని కొత్త తేదీతో మనసులో నిలబెడుతుంది. పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక 2:14లో, మనకు విరోధంగా ఉన్న ఋణపత్రం మీది చేవ్రాతను దేవుడు తుడిచివేసి, దానిని మేకులతో సిలువకు కొట్టాడని చెబుతున్నాడు. గడువు దాటి చెల్లకుండా పోయిన నోటు కాదది. క్రీస్తు తన ప్రాణం పెట్టి తీర్చిన నోటు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరుకు వచ్చిన నాటి నుంచి ఇక్కడి లూథరన్ సంఘాల్లో వినిపిస్తున్న బోధ ఇదే అయినా, తరతరాలుగా విన్నవారికి సైతం దానిని సొంతం చేసుకోవడం సులభంగా లేదు.

మొదట పాపాన్ని పేరుపెట్టి ఒప్పుకోండి. "తెలిసీ తెలియక చేసిన పాపాలు" అని గంపగుత్తగా అనేస్తే క్షమాపణ కూడా అంతే మసకగా అందినట్టు ఉంటుంది. అన్నదమ్ముల వాటాలో మోసం చేసి ఉంటే ఆ మాటే పలకండి. మౌనంగా ఉన్నంతకాలం తన యెముకలు క్షీణించాయని 32వ కీర్తనలో దావీదు చెప్పినది ఇటువంటి బరువు గురించే. ఒంటరిగా పలకలేకపోతే, నోరు జారని పాస్టరు అయ్యగారి ముందు గాని, కతోలికులైతే పాపసంకీర్తనంలో గురువు ముందు గాని చెప్పుకోవచ్చు.

తరువాతిది అన్నిటికంటె కష్టమైనది: ఒప్పుకున్నాక ఆగిపోవాలి. లూకా 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు ఇంటికి బయలుదేరే ముందు సిద్ధం చేసుకున్న మాటల్లో మూడు భాగాలున్నాయి: నేను పాపం చేశాను, నీ కుమారుడను అనిపించుకోవడానికి యోగ్యుణ్ణి కాను, నన్ను నీ కూలివాళ్లలో ఒకనిగా పెట్టుకో. తండ్రి ఎదుట అతడు మొదటి రెండూ పలికాడు. మూడవది 21వ వచనంలో లేదు. ఆ మాట రాకముందే తండ్రి ప్రశస్తమైన వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మని దాసులను పురమాయించాడు. నేను ఈ వచనం దగ్గర చాలాసార్లు ఆగిపోయాను. కూలివాడికి రోజుకూలి ఉంటుంది, పని చేసిన మేరకే ఇంట్లో చోటు ఉంటుంది. మన ప్రార్థనల్లో ఎంత భాగం ఆ మూడవ మాటే! ఈ రాత్రి ప్రార్థించేటప్పుడు మొదటి రెండు భాగాలు పలికి, "ఇకపై ఇది చేస్తాను ప్రభువా" అనే బేరానికి దిగకుండా, "క్షమించినందుకు స్తోత్రం" అని ముగించండి. మనసు వెంటనే తేలికపడకపోయినా కంగారు పడకండి. మనమింకా పాపులమై ఉండగానే క్రీస్తు చనిపోయాడని రోమా 5:8 అంటున్నది. మనకు ఏ అనుభూతీ కలగకముందే ఆ ప్రేమ ఉన్నది.

దేవుడు క్షమించాడు గనుక మనుషుల బాకీ కూడా పోయిందని అనుకోకూడదు. పొరుగువానికి రాసిన నోటును తీర్చవలసిందే. అయితే వరుస ముఖ్యం: లూకా 19వ అధ్యాయంలో, యేసు తన ఇంటికి వచ్చిన తరువాతే సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆయనను రప్పించుకోవడానికి అతడు ఆ సొమ్ము ఇవ్వలేదు. మీరు అన్యాయం చేసిన మనిషి దగ్గరికి వెళ్లి సరిదిద్దండి; అతడు క్షమించకపోతే ఆ నిరాకరణను దేవుని తీర్పుగా తీసుకోకండి.

ప్రభువు బల్ల సంస్కారం, అంటే రొట్టె, పాత్ర ఇచ్చే ఆదివారం "నేను యోగ్యుణ్ణి కాను" అని వెనక వరుసలో ఉండిపోయేవారు మన సంఘాల్లో తక్కువేమీ కాదు. వారిని ఆపుతున్నది, అయోగ్యంగా ఆ రొట్టెను తిని పాత్రలోనిది త్రాగేవాడు ప్రభువు శరీరం, రక్తం విషయంలో అపరాధి అవుతాడనే 1 కొరింథీ 11:27లోని హెచ్చరిక. దాని తరువాతి వచనాన్ని కూడా చదవాలి: తన్ను తాను పరీక్షించుకొని, అలా చేసి ఆ రొట్టెను తిని పాత్రలోనిది త్రాగవలెనని అక్కడ ఉన్నది. పరీక్షించుకోమన్నది బల్ల దగ్గరికి రావడానికే.

పాత పాపం ఏ అర్ధరాత్రో మళ్లీ గుర్తుకు వస్తుంది. అప్పుడు దానిని కొత్తగా ఒప్పుకోవద్దు. అది మళ్లీ చెల్లు వేయడమే అవుతుంది. కొలొస్సయులకు 2:14ను ఒక కాగితం మీద రాసి బైబిలులో పెట్టుకోండి. ఆ జ్ఞాపకం వచ్చినప్పుడు ఆ వచనాన్ని పైకి, మీ చెవులకు వినిపించేలా చదివి, "ప్రభువా, ఇది నీవు తీర్చిన నోటు" అని చెప్పి పడుకోండి. మరుసటి రాత్రి మళ్లీ వస్తే మళ్లీ చదవండి.