కరెంటు లైను లేకుండా బతకడానికి విజయనగరం పనికొస్తుందా? ఎలా తేల్చుకోవాలి?

సంక్రాంతికి వచ్చి, నిండు చెరువులు చూసి, బయానా ఇచ్చేసి వెళ్లిపోయేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. జనవరిలో ఏ స్థలమైనా బాగానే ఉంటుంది. చూడాల్సింది మే నెలాఖరులో. మిగతా నెలల్లో చూసినదాన్ని లెక్కలోకి తీసుకోకండి.

పట్టణం లోపల ఆవూ, పేడగొయ్యీ పెట్టుకుంటే ఇరుగుపొరుగుతో తగవులు తప్పవు. పట్టణాన్ని ఆసుపత్రికి, రైతు బజారుకి, పంపు సామాన్లకి ఉంచుకుని, 30 కిలోమీటర్ల లోపు పల్లె వెతకండి. అంతకు మించితే అర్ధరాత్రి పాము కరిచినప్పుడు కష్టం. భోగాపురం వైపు విమానాశ్రయంతో ధరలు పెరిగిపోయాయి, సముద్రం దగ్గరి నూతుల్లో ఉప్పు భయం కూడా ఉంది. వాయవ్యంగా బొండపల్లి, గజపతినగరం వైపు వెళ్లండి.

కాగితాలు: అడంగల్ (ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే పల్లె లెక్క), 1బి (హక్కుల రికార్డు), ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), 22ఎ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములు). ఈ నాలుగూ చూడనిదే మాట్లాడొద్దు. డి-పట్టా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి) చౌకగా వస్తోందంటే అమ్మకానికి వీలుందో లేదో తహసీల్దారు కార్యాలయంలోనే తేల్చుకోండి. మన్యం కొండల్లో షెడ్యూల్డ్ ప్రాంతమైతే 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు కొనడానికి లేదు.

ఇక నీళ్లు. అందరూ తప్పు చేసేది ఇక్కడే, అందుకే ఇక్కడ తొందరపడకండి.

ఈ ప్రాంతంలో అడుగున ఉన్నది ఎక్కువగా ఖోండలైటు, చార్నొకైటు అనే గట్టి రాళ్లు. నీళ్లుండేది పైన చివికిన పొరలో, రాతి పగుళ్లలో. అందుకే పక్కవాడి బోరులో నీళ్లు పొంగుతున్నాయని మీ బోరులో పడతాయన్న నమ్మకం లేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగేవారిని నమ్మి లక్షలు గుంటలో పోయకండి. ఉన్న నుయ్యిని పరీక్షించండి. నుయ్యి లేని స్థలం కొనకూడదు, బోరున్నా సరే. సోలార్ పంపు పాడైన రోజు నూతిలోంచి చేదతో తోడుకోవచ్చు, 200 అడుగుల బోరులోంచి తోడుకోలేరు.

మే నెలాఖరు సాయంత్రం ఒక తాడుకి రాయి కట్టి నూతిలోకి వదలండి. నీటిమట్టం దగ్గర తాడుకి ముడి వేయండి. తర్వాత రెండు గంటలు మోటారుతో తోడి, మళ్లీ కొలవండి. ఆ రాత్రి ఎవరినీ తోడనివ్వకండి, చుట్టుపక్కల మోటార్లు కూడా ఆపించండి. లేకపోతే లెక్క తప్పుతుంది. తెల్లవారాక ఎంత పైకి వచ్చిందో చూడండి. 3 మీటర్ల వ్యాసమున్న నూతిలో 10 సెంటీమీటర్లు పెరిగితే సుమారు 700 లీటర్లు ఊరినట్టు. నలుగురికి మనిషికి 55 లీటర్ల చొప్పున 220, పాడి ఆవుకి 80, మిగిలిన 400 రెండు సెంట్ల కూరపాదులకి. అంతకన్నా తక్కువ ఊరితే ఆ స్థలంలో తోట ఆశ వదులుకోవాలి. ఒక్క రాత్రి చాలదు, వరుసగా మూడు రాత్రులు చూడండి. మొదటి రాత్రి బాగా ఊరి మూడో రాత్రికి తగ్గిపోయే నూతులున్నాయి. అలాంటివే మనుషుల్ని ముంచుతాయి.

నూతి లోపలి రాళ్లు కూడా చూడండి. నాచు పట్టిన ఆకుపచ్చ గీత వానాకాలపు మట్టం. దాని కిందంతా ఎండి, తెల్లగా పొక్కులు లేచి ఉంటే నీళ్లలో లవణం ఉన్నట్టే. పక్కింటి వంటగదిలో నీళ్లు కాచే గిన్నె అడుగు గోకి చూడండి, గోరుకి సున్నంలా అంటుకుంటుంది. ఆ ఇంట్లో ఆడవాళ్లని అడగండి, “ఎండాకాలం ఏ నూతి నీళ్లు తాగుతారమ్మా?” అని. స్థలం అమ్మే మనిషి చెప్పని సంగతులు వాళ్లు చెబుతారు. ఆ తర్వాత గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకి సీసా పంపండి. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే వదిలేయండి, కాచినా అది పోదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట వైపు చూస్తుంటే ఇంకా జాగ్రత్త. అక్కడి కిడ్నీ జబ్బుకి కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ల్యాబు రిపోర్టు బాగుందని అక్కడి భూమిలోని నీళ్లనే నమ్ముకుని ఇల్లు కట్టుకోవద్దు.

వాన నీళ్లు కూడా కలుపుకోండి. ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడే చోట 100 చదరపు మీటర్ల కప్పు మీంచి 80,000 లీటర్లు పట్టుకోవచ్చు. నాలుగు నెలల ఎండకి నలుగురికి కావాల్సింది 26,400 లీటర్లు. తొట్టి ఆ కొలతకే కట్టండి.

సోలార్ సులువు: 1 కిలోవాట్‌కి ఎండ రోజు 4 యూనిట్లు. అయితే అక్టోబరుని తలుచుకుని బ్యాటరీ కొనండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు వచ్చి పడ్డాయి. నాలుగు రోజులు మబ్బున్నా దీపం, పంపు నడవాలి. పలకలు రేకుల మీద కాకుండా కాంక్రీటు దిమ్మెలకి బిగించండి.

ఇవన్నీ సరిపోయాక కూడా కొనొద్దు. అదే పల్లెలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా అద్దెకుండండి, ఆ నూతి నీళ్లే తాగుతూ. బయానా జూలైలో ఇవ్వొచ్చు.