స్పామ్‌అసాసిన్‌లో మెయిల్ ఆగిపోతుంటే: డీఎన్ఎస్ టైమౌట్ సెట్ చేసుకోవడం

వైజాగ్ పోర్టు ఏరియాలో క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసులకి మెయిల్ సర్వర్ చూసిపెట్టే వాళ్ళకి ఈ ఫోన్ బాగా తెలిసే ఉంటుంది, "బిల్ ఆఫ్ లేడింగ్ పంపేశాం అంటున్నారండీ, మాకింకా రాలేదు" అని. నెట్ బానే ఉంటుంది, డిస్క్ ఖాళీగానే ఉంటుంది, మెయిల్ మాత్రం స్పామ్‌అసాసిన్ (వచ్చిన మెయిల్ స్పామా కాదా అని స్కోరు వేసే ప్రోగ్రామ్) దగ్గర క్యూలో కూర్చుంటుంది.

ముందు మెయిల్ లాగ్ తెరిచి స్పామ్‌డీ (వెనకాల నడుస్తూ మెయిల్స్ చూసే స్పామ్‌అసాసిన్ సర్వీస్) లైన్లు చూడండి. "క్లీన్ మెసేజ్" అని రాసిన లైన్ చివర్లో ఎన్ని సెకన్లు పట్టిందో ఉంటుంది. అక్కడ ఒకటి రెండు కాకుండా వరసగా 15 దగ్గర్లో కనిపిస్తే అనుమానం డీఎన్ఎస్ మీదే, అంటే పంపినవాళ్ళు స్పామర్ల బ్లాక్‌లిస్టులో ఉన్నారా అని నెట్‌లో అడిగే దారి మీద. ఎందుకంటే ఆర్‌బీఎల్_టైమౌట్ (ఆ బ్లాక్‌లిస్టుల జవాబు కోసం ఆగే సమయం) డిఫాల్ట్ 15 సెకన్లు, ఒకేసారి మెయిల్స్ చూసే స్పామ్‌డీ చైల్డ్ ప్రాసెస్‌లు డిఫాల్ట్‌గా 5, అన్నీ ఇరుక్కుంటే నిమిషానికి 20 మెయిల్స్ కంటే కదలవు, పొద్దున పదింటికి అందరూ ఒకేసారి పంపితే ఇంక చూసుకోండి.

చాలామంది వెంటనే టైమౌట్‌ని 2కో 3కో దించేస్తారు. వద్దు గురూ. మెయిల్ స్పీడుగానే వస్తుంది, దాంతోపాటు స్పామ్ కూడా, ఎందుకంటే జవాబు రాని బ్లాక్‌లిస్టుకి స్కోరు పడదు. అసలు జబ్బు ఎక్కువసార్లు రిజాల్వర్‌లో (డీఎన్ఎస్ ప్రశ్నలకి జవాబు తెచ్చిపెట్టే సర్వర్లో) ఉంటుంది. గూగుల్ వాళ్ళ 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ ద్వారా అడిగితే బ్లాక్‌లిస్టులు నడిపే స్పామ్‌హౌస్ వాళ్ళు సరైన జవాబివ్వరు, 127.255.255.254 అని ఎర్రర్ కోడ్ ఇస్తారు. కాబట్టి అదే మెషీన్లో అన్‌బౌండ్ అనే సొంత రిజాల్వర్ వేసుకోండి, దాన్ని మళ్ళీ గూగుల్‌కి ఫార్వర్డ్ చెయ్యొద్దు (చేస్తే వేసి ఉపయోగం లేదు), స్పామ్‌అసాసిన్ సెట్టింగులుండే లోకల్.సీఎఫ్ ఫైల్లో డీఎన్ఎస్_సర్వర్ 127.0.0.1 అని పెట్టండి. డీఎన్ఎస్‌ని నేరుగా అడిగే డిగ్ కమాండ్‌తో స్పామ్‌హౌస్ జెన్ జోన్లో (వాళ్ళ బ్లాక్‌లిస్టులో) 2.0.0.127 అనే టెస్ట్ ఎంట్రీ అడిగి చూడండి, 127.0.0.2 లాంటివి వస్తే దారిలో పడ్డట్టే.

ఇప్పుడు టైమౌట్ సంగతి. అదే ఫైల్లో ఆర్‌బీఎల్_టైమౌట్ 8 2 అని రాయండి. మొదటి అంకె గరిష్ఠంగా ఆగే సెకన్లు, రెండోది కనిష్ఠం, ఇవ్వకపోతే మొదటిదాంట్లో ఐదో వంతు తీసుకుంటుంది. ఇక్కడో మంచి విషయం ఉంది, క్వెరీలన్నీ మొదట్లోనే పంపేసి, జవాబులు వచ్చేకొద్దీ అదే వెయిటింగ్ తగ్గించుకుంటూ కనిష్ఠం వైపు వస్తుంది, అంటే ఒక్క సర్వర్ మొండికేసినంత మాత్రాన పూర్తి 8 సెకన్లు పోవు. ఒక్క జోనే స్లో అయితే లైన్ చివర ఆ జోన్ పేరు రాసి దానికి మాత్రమే వేరే టైమౌట్ ఇవ్వొచ్చు.

అసలు బతికే లేని లిస్టులకి టైమౌట్ దేనికి, తీసెయ్యడమే. సార్బ్స్ అనే బ్లాక్‌లిస్టు 2024లో మూతపడింది, పాత సర్వర్లు కొన్ని ఇంకా దాన్నే అడుగుతుంటాయి. డీఎన్ఎస్_క్వెరీ_రెస్ట్రిక్షన్ డినై అని రాసి పక్కన ఆ డొమైన్ పెట్టండి, ఆ గోల పోతుంది.

ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలు) టైమౌట్లు వేరే, చెరో 5 సెకన్లు, వాటి జోలికి ఇప్పుడే వెళ్ళక్కర్లేదు.

సేవ్ చేశాక స్పామ్‌అసాసిన్ లింట్ (సెట్టింగుల్లో తప్పులు వెతికే చెక్) నడపండి, ఏమీ ప్రింట్ అవ్వకపోతే ఓకే, అప్పుడు స్పామ్‌డీ రీస్టార్ట్. తర్వాత లాగ్‌లో సెకన్లు ఇంకా తగ్గకపోతే ఒక మెయిల్ని ఫైల్‌గా సేవ్ చేసి డీబగ్ మోడ్‌లో నడపండి, ఏ జోన్ దగ్గర ఆగిందో పేరుతో సహా చెప్తుంది.